మెడోస్ టైలరు ఎదుట ఇద్దరు బందీలు

పోలీసు అధికారి వ్రాసికొన్న కాగితము చరిత్రకారునకు విలువైన ఆధారము. ప్రమాదకరమైన ఆధారము కూడ. బందీ చెప్పును, అధికారి వ్రాయును. కొంతకాలమునకు చెప్పినవాని కంఠము అంతరించి, వ్రాసినవాని అక్షరము మాత్రమే మిగులును. పందొమ్మిదవ శతాబ్దపు దక్కను చరిత్రలో ఈ సంగతిని స్పష్టముగా చూపు జీవితము ఫిలిప్ మెడోస్ టైలరుది. ఆతడు నిజాము సైన్యమున చేరిన ఆంగ్లేయుడు. పదునెనిమిదేండ్ల ప్రాయమున పోలీసు అధికారియైనవాడు. పిమ్మట ఒక సంస్థానపు పాలనభారమును వహించి, నవలలు వ్రాసి, ఇంగ్లండు పాఠకులకు భారతదేశమును పరిచయము చేసినవాడు.

ఈ దీర్ఘజీవితమున టైలరు ఎందరో బందీల మాటలు విని యుండును. వారిలో ఇద్దరు మాత్రము చరిత్రలో నిలిచిరి. మొదటివాడు 1832లో ఆతని యెదుటకు వచ్చిన ఒక ఠగ్గు. ఆతడు అడిగినదంతయు చెప్పెను, అడుగనిదియు చెప్పెను. రెండవవాడు 1858లో సికింద్రాబాదు నిర్బంధమున నున్న సురపురము రాజు. ఆతడు అడిగినదానిని చెప్పుటకు నిరాకరించెను. మొదటివాని మాటలు టైలరునకు కీర్తిని తెచ్చిపెట్టెను. రెండవవాని మౌనము ఆతని స్వీయచరిత్రలో కొన్ని పుటలుగా మాత్రమే మిగిలెను. ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినపుడే టైలరు జీవితమునకు గల అర్థము మనకు బోధపడును.

టైలరు 1808 సెప్టెంబరు 25వ తేదీన లివర్‌పూలు నగరమున జన్మించెను. తండ్రి వర్తకుడు. వ్యాపారము దెబ్బతినుటచే కుమారుని చదువు మధ్యలోనే ఆగెను. పదునైదేండ్ల బాలుడు 1824లో బొంబాయికి వచ్చి ఒక ఆంగ్లవర్తకుని కొట్టున గుమాస్తాగా చేరెను. కాలక్రమమున ఆ వ్యాపారమున భాగస్వామి కాగలడని ఇంటివారు ఆశపడిరి. తీర వచ్చి చూడగా ఆ కొట్టు స్థితియే బాగుగ లేదు. బొంబాయి ప్రభుత్వమున ఉన్నతోద్యోగమున నున్న ఒక బంధువు జాలిగొని, ఆ యేడే నిజాము సైన్యమున ఒక చిన్న అధికారిపదవిని ఇప్పించెను. అట్లు పదునారేండ్లకే టైలరు ఔరంగాబాదు దండున చేరెను.

ఈ సైన్యమును గూర్చి ఒక మాట చెప్పవలసి యున్నది. అది నిజాము ఖజానా నుండి జీతములు పొందుచు ఆంగ్లాధికారుల క్రింద నడచు సైన్యము. దానినే పిమ్మట హైదరాబాదు కంటింజెంటు అనిరి. దాని ఖర్చు నిజామునకు మోయరాని భారమై, అప్పులు పెరిగి, తుదకు 1853 సంధిలో బీరారు, నల్దుర్గము, రాయచూరు అంతర్వేది కంపెనీ వశమగుటకు కారణమయ్యెను. టైలరు కంపెనీ కొలువులోనివాడు కాడు; నిజాము సేవకుడు. కంపెనీ అధికారులకు సహజముగా లభించు పదోన్నతులు ఆతనికి సులభముగా లభింపలేదు. కాని ఈ లోటే ఒక విధముగా మేలయ్యెను. తెల్లవారి సంఘమున పెద్ద స్థానము లేని యువకుడు దేశభాషలను ఆశ్రయించెను. హిందుస్తానీ, పారసీకము, మరాఠీ నేర్చి, సైనిక న్యాయస్థానమున దుబాసీగా పనిచేసెను. ఆ భాషాజ్ఞానమే ఆతనిని పై అధికారుల దృష్టికి తెచ్చినది.

ఆ రోజులలో నిజాము రాజ్యపాలన చందూలాలు చేతిలో నుండెను. భూమిశిస్తు గుత్తలకు ఇయ్యబడుచుండెను. గుత్తదారు తన గడువులో పిండగలిగినంత పిండుకొనును. వానికి అప్పిచ్చిన సాహుకారు తన అరబ్బు, రోహిలా భటులను గ్రామములపై తోలును. దేశ్‌ముఖులు గఢీలలో కూర్చుండి ఎవరికి వారే రాజులైరి. బందిపోట్లు ఒక తాలూకాలో దోచి మరియొక తాలూకాలో తలదాచుకొనుచుండిరి. ఈ స్థితిని చక్కదిద్దుటకని రెసిడెంటు కొందరు ఆంగ్లాధికారులను జిల్లాలలో నియమించెను. వారిలో ఒకడుగా టైలరు నైరుతి జిల్లాలలో సహాయక పోలీసు సూపరింటెండెంటు అయ్యెను. మీసము సరిగా మొలవని ప్రాయము. వేల చదరపు మైళ్ళ ప్రదేశము. చేతిలో కొలదిమంది సవారులు.

ఆ కాలపు పోలీసు పని ఎట్టిదో తెలుపుటకు ఆతడే చెప్పుకొన్న ఒక సంఘటన చాలును. యాత్రాస్థలమున వర్తకులు పిండిలో ఇసుక కలిపి అమ్ముచున్నారని యాత్రికులు మొఱపెట్టిరి. టైలరు తన మనుష్యులను సామాన్యులవలె పంపి దుకాణముల నుండి పిండి కొనిపించెను. ఇసుక నిజమేయని తేలెను. అంతట ఆ పిండితోనే రొట్టెలు కాల్పించి, అమ్మిన వర్తకులనే వరుసగా కూర్చుండబెట్టి తినిపించెను. చూచుటకు వచ్చిన జనము నవ్విరి. ఆ తరువాత ఇసుక మాట మరల వినబడలేదు.

కథ వినుటకు ఇంపుగా నున్నది. న్యాయము త్వరగా జరిగినది, ఖర్చు లేదు, ప్రాణహాని లేదు. కాని ఇందు ఫిర్యాదు విన్నవాడు, సాక్ష్యము సేకరించినవాడు, తీర్పు చెప్పినవాడు, శిక్ష నడపినవాడు ఒక్కడే. ఆతడు మంచివాడైన నాడు ప్రజలు నవ్వుదురు. ఆ స్థానమున మరియొకడు కూర్చున్న నాడు ఏమగును? ఈ ప్రశ్న టైలరు జీవితమంతట మనలను వెంబడించును.

1829లో సికందర్ జా మరణించి నాసిరుద్దౌలా సింహాసనమెక్కెను. జిల్లాలలోని ఆంగ్లాధికారులను తొలగింపవలసినదని క్రొత్త నిజాము కోరెను. గవర్నరు జనరలు బెంటింకు అంగీకరించెను. టైలరు తిరిగి దండునకు పోయి, కవాతుల నడుమ పడెను. ఆ కొలది కాలములోనే ఉత్తరమున ఠగ్గుల రహస్యము బయటపడి దేశమంతట సంచలనము కలిగించెను. తాను తిరిగిన బాటలలోనే, తన కావలివారి కన్నుల యెదుటనే ఆ ముఠాలు సంచరించిన వని టైలరు పిమ్మట తెలిసికొనెను. తనను జిల్లాలో ఉండనిచ్చి యుండినచో ఈ ఘోరమును మొదట లోకమునకు వెల్లడించిన కీర్తి తనదే అయి యుండెడిదని వృద్ధాప్యమున కూడ ఆతడు చింతించెను.

ఆ కీర్తి దక్కినవాడు విలియం స్లీమను. ఆతడును సైనికుడే. 1814–16 నేపాళ యుద్ధమున పోరాడి, పిమ్మట నర్మదా తీరమున మేజిస్ట్రేటుగా నియమింపబడి, 1835లో ఠగ్గుల నిర్మూలన శాఖకు సూపరింటెండెంటు అయ్యెను. ఠగ్గులు బాటసారులతో స్నేహము చేసి, కలిసి నడచి, నిర్జనస్థలమున మెడకు రుమాలు బిగించి చంపి, శవములను పూడ్చి, సొమ్ముతో మాయమగుదురు. చూచిన సాక్షి మిగులడు. కనుక సామాన్య న్యాయపద్ధతిలో నేరము ఋజువు చేయుట కష్టము. స్లీమను కనుగొన్న ఉపాయము అప్రూవరు. పట్టుబడిన ఠగ్గునకు ప్రాణము దక్కునని మాట ఇచ్చి, తోడివారి పేర్లు, శవములున్న చోట్లు, వంశవృక్షములు చెప్పించుట. ఒకడు చెప్పిన పేరుతో పదిమంది దొరకుదురు. ఆ పదిమందిలో ఇద్దరు మరల అప్రూవర్లగుదురు. ఇట్లు వేలమంది పట్టుబడిరి. వందలమంది ఉరికంబమెక్కిరి, అంతకు మించినవారు సముద్రము దాటింపబడిరి, లేదా యావజ్జీవము చెరలలో మ్రగ్గిరి.

ఈ పద్ధతికి అనుకూలముగా 1836లో ముప్పదవ చట్టము వచ్చెను. ఫలానా హత్య చేసెనని ఋజువు చేయనక్కరలేదు. ఏనాడైనను, కంపెనీ సీమలో గాని వెలుపల గాని ఠగ్గుల ముఠాకు చెందియుండెనని తేలినచో చాలును, యావజ్జీవ కఠినశిక్ష. చేసిన పనికి గాక చెందిన గుంపునకు శిక్ష అను భావము ఇట్లు చట్టపుటల కెక్కెను.

స్లీమను శాఖ నిజాము రాజ్యమునకు కూడ విస్తరించెను. సాగరు నుండి పంపబడిన అప్రూవర్లలో ఒకనిని టైలరు 1832లో కలిసికొనెను. ఆతని మాటలే ఆధారముగా ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ అను నవల పుట్టెను. టైలరు సెలవుపై ఇంగ్లండున నున్న కాలమున, 1839లో, అది మూడు సంపుటములుగా వెలువడెను. విక్టోరియా రాణి కూడ దానిని ఆసక్తితో చదివెనని ప్రసిద్ధి. ఠగ్గు అను మన మాట ఆంగ్లమున ఇంటింటి మాటయగుటకు ఈ నవల ముఖ్యకారణము.

నవలలోని అమీరలీ బాల్యమున తలిదండ్రులను ఠగ్గుల చేతులలో కోల్పోయినవాడు. వారిని చంపించిన నాయకుడే ఆతనిని కుమారుని వలె పెంచును. తన పుట్టుక తెలియని బాలుడు పెంపుడుతండ్రిని ప్రేమించి, ఆతని విద్యనే నేర్చి, ఎందరినో చంపి, తెలియక తోబుట్టువును కూడ బలిగొనును. తన చేతుల మీదుగ పోయిన ప్రాణములు 719 అని లెక్క చెప్పును; చెర అడ్డురాకున్నచో వేయి నిండి యుండెడివని విచారించును. వినుచున్న ఆంగ్లాధికారి పేరు కథలో లేదు. ఆతడు అప్పుడప్పుడు అసహ్యపడును, ఆశ్చర్యపడును, మరల చెప్పుమనును. మన దేశమును ఇతివృత్తముగా గొన్న ఆంగ్లనవలలలో ఒక భారతీయుడు ఆద్యంతము తన నోట తన కథ చెప్పుట అంతకు ముందు అరుదు. ఆ దృష్టితో చూచిన ఈ గ్రంథము సాహిత్యచరిత్రలో గౌరవస్థానమునకు అర్హమైనదే.

ఐనను ఆ కంఠము ఎవరిది? ఈ కథలో చాలవరకు సత్యమని, సంఘటనలను కలుపుటకు మాత్రమే కల్పన చేసితినని టైలరు పీఠికలో వ్రాసికొనెను. పాఠకులు ఆ మాటను నమ్మిరి. నవల పోలీసు కాగితముల నుండి పుట్టెను. పిమ్మటి చరిత్రకారులలో కొందరు నవలనే చరిత్రగా చదివిరి. మూలమునకు పోయి చూచినచో అచ్చట నున్నది అప్రూవరు. ఆతనికి ఉరి తప్పవలెను. చెప్పినకొలది ఆతని విలువ పెరుగును. చెప్పుటకేమియు లేని అప్రూవరు ఎవరికిని అక్కరలేదు. ఆతనిని విడుదల చేయరు. ఆయువున్నంత కాలము కాపలాలోనే ఉంచెదరు. జబ్బల్పూరున అప్రూవర్లకును వారి బిడ్డలకును గుడారములు, తివాచీలు నేయుట నేర్పు కార్ఖానా ఒకటి స్థాపింపబడెను. కన్నవారు తోడివారి పేర్లు చెప్పి ప్రాణము దక్కించుకొనగా, బిడ్డలు ఆ గోడల నడుమ పెరిగిరి.

ఇట్టి నోటి నుండి వచ్చిన మాట అంతయు అబద్ధమనుట తగదు. శవములు దొరకినవి, సొమ్ము దొరకినది, బాటసారులు మరల ఇండ్లకు రాలేదు. అంతయు నిజమనుటయు తగదు. 1959లో హీరాలాల్ గుప్తా ఈ ప్రశ్నను లేవదీసి, దేశమంతట వ్యాపించిన ప్రాచీన మతరహస్యసంఘమను చిత్రమును శంకించెను. ఆ తరువాత రాధికా సింఘా, కిమ్ వాగ్నర్ మున్నగు పండితులు పాతకాగితములను మరల పరిశీలించిరి. కరవు, కొలువులు కోల్పోయిన సిపాయిలు, దోపిడిలో భాగము గొను జమీందారులు – ఈ లౌకిక కారణములు అప్రూవరు వాఙ్మూలములలోనే అచ్చటచ్చట కనబడుచున్నవి. ప్రశ్న వేయువాడు భవానీదేవి శకునములను గూర్చి అడిగెను. ఉత్తరము శకునములను గూర్చియే వచ్చెను.

చెందిన గుంపును బట్టి నేరము నిర్ణయించు భావము ఠగ్గులతో ముగియలేదు. 1871లో నేరస్థజాతుల చట్టము ఉత్తరదేశమున వచ్చెను. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికి విస్తరించెను. బాపట్ల చేరువ స్టువర్టుపురము, బెజవాడ కెదుట సీతానగరము, నెల్లూరు సీమలో కావలి – ఈ చోట్ల ఎరుకలవారిని మరికొన్ని తెగలవారిని సెటిల్మెంట్లలో ఉంచి, హాజరు పట్టీలు వేసి, అనుమతి లేక ఊరు దాటరాదనిరి. ఉప్పు, ధాన్యము ఎద్దులపై మోసికొని ఊరూర అమ్ముకొనిన వారి తాతల వర్తకము రైళ్ళ రాకతో చెడినదను మాట ఆ పట్టీలలో లేదు. ఆ చట్టము దేశమంతట 1952లో రద్దయ్యెను. ఆ ముద్ర మాత్రము చట్టముతోపాటు తొలగిపోలేదని ఆ పల్లెలలో పుట్టిన బిడ్డలకు బడిలో, కొలువులో ఎదురైన మాటలే చెప్పుచున్నవి.

ఇక రెండవ బందీ కథ. కృష్ణా భీమా నదుల నడుమ, నేటి కర్ణాటక రాష్ట్రమున, సురపురము ఒక చిన్న సంస్థానము. పాలకులు బేడ నాయకులు. వారినే మనము బోయలందుము. నిజామునకు కప్పము కట్టుచు, కొండకోటలో స్వతంత్రాభిమానముతో బ్రతికిన వంశము. అప్పులు, వారసత్వకలహములు, బేడ భటుల అసంతృప్తి వలన సంస్థానము చిక్కులలో పడగా, రెసిడెంటు ఫ్రేజరు 1841లో టైలరును అచ్చటికి పంపెను. రాజు మరణించెను. కుమారుడు వెంకటప్ప నాయకుడు పసివాడు. తల్లి ఈశ్వరమ్మ రాజ్యాధికారమును సులభముగా విడుచునది కాదు. టైలరు సుమారు పండ్రెండేండ్లు అచ్చట నుండి అప్పులు తగ్గించెను, శిస్తు లెక్కలు సరిచేసెను, చెరువులు బాగుచేయించెను. ఆ ప్రాంతపు ప్రాచీన రాక్షసగుళ్ళను కొలిచి, బొమ్మలు గీసి, పండితసభలకు వ్యాసములు పంపెను. ఈ కాలముననే 1844లో ఆతని భార్య మేరీ మరణించెను. ఆమె హైదరాబాదులోని ప్రసిద్ధ వర్తకుడు విలియం పామరు కుమార్తె. సురపురము కొండపై టైలరు కట్టుకొన్న ఇల్లు నేటికిని ఆతని పేరనే పిలువబడుచున్నది.

బాలరాజు టైలరును ‘అప్పా’ అని పిలుచుచుండెను. చదువు, స్వారి, లెక్కలు, దర్బారు మర్యాదలు – అన్నింటిని టైలరు దగ్గరుండి చెప్పించెను. బాలుడు ఇరువదినాలుగవ యేట మరణించునని జాతకమున నున్నదని రాజకుటుంబము భయపడుచుండెను. ఆ సంగతి టైలరునకును తెలియును. 1853లో రాజ్యము యువరాజునకు అప్పగింపబడెను. టైలరు నల్దుర్గమునకు, పిమ్మట 1857లో బీరారులోని బుల్ఢాణాకు బదిలీయయ్యెను. పెంచినవాడు దూరమయ్యెను, రాజు చుట్టు క్రొత్తవారు చేరిరి.

1857 తిరుగుబాటు వార్తలు దక్కనునకు వచ్చెను. ఉత్తరము నుండి దూతలు సురపురము చేరిరని, రాజు సైన్యము కూర్చుచున్నాడని తెలిసి, 1858 ఫిబ్రవరిలో ఆంగ్లసేనలు కదలెను. కొండక్రింద పోరు జరిగెను. రాత్రికి రాజు కోట విడిచి, మారుమూల త్రోవలలో హైదరాబాదు చేరెను. అచ్చట సాలార్జంగు మనుష్యులు ఆతనిని పట్టి రెసిడెంటు వశము చేసిరి. సురపురమునకు మరల పంపబడిన టైలరు రాజును నిర్బంధమున చూచెను. యువకుడు ‘అప్పా’ యని ఆతనిని కౌగిలించుకొని విలపించెను.

తిరుగుబాటునకు ప్రేరేపించినవారు ఎవరో తెలిసికొనవలెనని రెసిడెంటునకు కోరిక. రాజుచే చెప్పించుటకు టైలరుకంటె తగినవాడు ఎవడు? పండ్రెండేండ్లు తండ్రివలె నుండినవాడు, దేశభాషలు తెలిసినవాడు, వాఙ్మూలములు సేకరించుటలో పేరు పొందినవాడు. టైలరు అడిగెను. రాజు చెప్పలేదు. తన తప్పును తాను ఒప్పుకొందునే కాని నమ్మినవారి పేర్లు పలుకనని నిరాకరించెను. పిరికివానివలె ప్రాణభిక్ష వేడనని, దొంగనువలె ఉరితీయక ఫిరంగినోట కట్టి పేల్చినచో ధైర్యముతో నిలుతునని చెప్పెను.

విచారణ జరిగి మరణశిక్ష విధింపబడెను. రెసిడెంటు డేవిడ్‌సను దానిని ద్వీపాంతరవాసముగా తగ్గించెను. గవర్నరు జనరలు కానింగు ఇంకను తగ్గించి, చెంగల్పట్టు చేరువ నాలుగేండ్ల నిర్బంధము చాలుననెను. నడవడి బాగున్నచో రాజ్యము మరల దక్కగలదను ఆశ కూడ ఉండెను. మద్రాసు త్రోవలో, ప్రయాణపు తొలిదినములలోనే, కావలి యధికారి తుపాకితో రాజు తన్ను తాను కాల్చుకొనెనని వార్త వచ్చెను. అది 1858 మే నెల. ఆతని వయసు ఇరువదినాలుగేండ్లని లెక్క. 1860 సంధిలో సురపురము నిజామునకు ఇయ్యబడెను. టైలరు ఆ యేడే కొలువు విడిచి ఇంగ్లండునకు వెడలిపోయెను.

ఈ ఇద్దరి బందీల కథల నడుమ, మన తెలుగువారికి సంబంధించిన మరియొక కథ కలదు. గాజుల లక్ష్మీనరసు శెట్టి మద్రాసులో తెలుగు వర్తకుడు, ‘క్రెసెంటు’ పత్రికాధిపతి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషను స్థాపకుడు. శిస్తు వసూలునకును నేరము ఒప్పించుటకును తాలూకా కచ్చేరీలలో రైతులను చిత్రహింస పెట్టుచున్నారని ఆతడు పార్లమెంటునకు అర్జీలు పంపెను. 1853లో డాన్‌బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుడు రాగా, ఆతనికి ఊళ్ళు చూపించి రైతుల నోట సంగతులు వినిపించెను. దాని ఫలితముగా నియమింపబడిన చిత్రహింసల విచారణ సంఘము 1855లో నివేదిక ఇచ్చెను. వ్రేళ్ళను కర్రల నడుమ బిగించి నొక్కుట, మనిషిని వంచి మెడను కాళ్ళకు కట్టి ఎండలో నిలుపుట మున్నగు పద్ధతులు అందు వర్ణింపబడెను. శిస్తు అధికారమును పోలీసు అధికారమును ఒకే చేతిలో నుంచుట ఈ హింసకు మూలమని తేలెను. 1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చి ఆ రెంటిని వేరుచేసెను.

1861 నేరవిచారణ స్మృతి మరియొక అడుగు వేసెను. పోలీసు అధికారియెదుట చేసిన ఒప్పుకోలు, చేసినవానిపై సాక్ష్యముగా చెల్లదనెను. 1872 సాక్ష్యచట్టము ఇరువదియైదవ విధిగా ఆ మాటనే నిలిపెను. ఆశ చూపి గాని బెదరించి గాని రాబట్టిన ఒప్పుకోలు చెల్లదను విధి దానికి ముందే యున్నది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో కూడ ఇరువదిమూడవ విధిగా ఈ నియమము నిలిచియున్నది. పాత శిక్షాస్మృతిలోని ఠగ్గు అను నేరము మాత్రము క్రొత్త స్మృతిలో కనబడదు. ఠగ్గు చట్టమునుండి పోయెను; ఠగ్గు మాటను వ్రాసికొన్న అధికారిపై అనుమానము చట్టమున మిగిలెను.

ఇది విచిత్రముగా తోచును. ఒక తరము ఆంగ్లపాఠకులు పోలీసు అధికారి వ్రాసిన వాఙ్మూలమును పరమసత్యముగా చదివి ఆనందించిరి. ఆ తరమువారే ఈ దేశమునకు చట్టము వ్రాయ కూర్చున్నపుడు అట్టి వాఙ్మూలమును న్యాయస్థానపు గడప దాటనీయలేదు. నవలకు తగిన సాక్ష్యము వేరు, మనిషిని శిక్షించుటకు తగిన సాక్ష్యము వేరు అని వారికి తెలియును. ఆ తెలివి ఊరక రాలేదు; వ్రేళ్ళు విరిగిన రైతుల మొఱల నుండి, వానిని మద్రాసు నుండి లండను దాక మోసిన ఒక శెట్టి పట్టుదల నుండి వచ్చినది.

టైలరును ఈ హింసకులతో ఒక గాటికి కట్టుట అన్యాయము. ఆతడు ప్రజల నడుమ గుర్రముపై తిరిగి, వారి భాషలో వారి మాట విన్నవాడు. విశ్రాంతి దినములలో వ్రాసిన ‘తారా’ నవలలో తుళజాపురపు భవానీ ఆలయమును, అచ్చటి బ్రాహ్మణ గృహమును ఎంతో ఆదరముతో చిత్రించెను. 1857 గాయము మానకమునుపే, 1872లో, ‘సీతా’ అను నవలలో ఒక హిందూ వితంతువునకు ఆంగ్లాధికారికి వివాహము జరిపించెను. ఆనాటి తెల్లవారి సంఘము సహించు కథ కాదది. 1875లో చూపు మందగించిన స్థితిలో మరల హైదరాబాదు వచ్చి, జ్వరపీడితుడై తిరిగిపోవుచు, 1876 మే 13న ఫ్రాన్సుదేశపు మాంతోను పట్టణమున మరణించెను. స్వీయచరిత్ర మరుసటి సంవత్సరము కుమార్తె సంపాదకత్వమున వెలువడెను.

కాని మంచితనము వేరు, అధికారము వేరు. పిండి వర్తకులకు రొట్టెలు తినిపించిన నాడు, ఠగ్గు కథ విన్న నాడు, రాజును అడిగిన నాడు – మూడుమార్లును టైలరు మంచివాడే. మూడుమార్లును తలుపునకు తాళము ఆతని వైపుననే యున్నది. తాళము తన చేతనున్న వానికి లోపలివాని మాట ఎంత స్వేచ్ఛగా వచ్చినదో తెలియుట దుర్లభము. అమీరలీ ధారాళముగ మాటలాడుటను టైలరు స్వభావముగా చదివెను. అది ప్రాణము నిలుపుకొను ఉపాయము కూడ అయి యుండవచ్చుననుట ఆతని నవలలో లేదు.

వెంకటప్ప నాయకుడు ఆ ఉపాయమును త్రోసివేసెను. ఆతడు చెప్పని పేర్లు ఏ కాగితమునను లేవు. ఆ పేర్లు గలవారు ఎవరో, ఎన్ని ఇండ్లు ఆ మౌనము వలన నిలిచెనో మనము ఎరుగము. ఈ మౌనము మనకు తెలియుటకు కారణము మాత్రము టైలరే. తనకు చెప్పనన్న మాటను, తాను ఓడిన ఆ ఘట్టమును, ఆతడు దాచక వ్రాసెను. ఇరువదవ శతాబ్దారంభమున సావర్కరు 1857ను స్వాతంత్ర్యసమరముగా వ్రాయబూనినపుడు సురపురము రాజు ధైర్యమునకు ఆధారము ఆ ఆంగ్లాధికారి పుటలలోనే లభించెను. ఆతని రచనలన్నిటిలో మన దేశమునకు ఎక్కువ ఉపకరించినది బహుశః ఇదే. వేలమంది చదివిన మూడు సంపుటముల వాఙ్మూలముకంటె, ఒక యువకుడు చెప్పనన్న మాటను నిజాయితీతో వ్రాసికొన్న ఆ కొలది పుటలు చరిత్రకు బరువైన సాక్ష్యము.